ఊడిపోయే పళ్ళే కదా అని ఆగకండి

ప్రశ్న: మా బాబుకి నాలుగున్నరేళ్ళు. పై వరసలో ముందు పళ్ళు నాలుగూ గోధుమరంగుకి తిరిగాయి, అంచులు కొద్దికొద్దిగా విరుగుతున్నాయి. కింద ఎడమవైపు దవడ పంటికి గుంట పడింది. తిన్నది అందులో ఇరుక్కుంటే ఏడుస్తాడు. పళ్ళ డాక్టర్‌కి చూపిస్తే, ఆ పంటికి నరం చికిత్స చేసి క్యాప్ వేయాలన్నారు. "ఊడిపోయే పళ్ళకి ఇంత అవసరమా, పసివాణ్ణి ఎందుకు బాధపెట్టడం" అని మా అత్తగారు అంటున్నారు. మావారు కూడా కొన్నాళ్ళు ఆగి చూద్దాం అంటున్నారు. మేం చాక్లెట్లు అస్సలు కొనం. పొద్దున్నే వాడే బ్రష్ చేసుకుంటాడు, మేం పట్టుకుంటే గోల పెడతాడు. మూడేళ్ళు దాటేదాకా పాలసీసా నోట్లో పెట్టుకునే నిద్రపోయేవాడు. ఇప్పుడు గ్లాసుతో తాగి పడుకుంటాడు. బిస్కెట్లు ఆడుకుంటూ తింటాడు, పళ్ళరసం సిప్పర్‌లో పోసి ఇస్తాను. ఫ్లోరైడ్ మంచిది కాదని చదివి, అది లేని పేస్టే వాడుతున్నాం. నాకూ రెండు పళ్ళు పుచ్చి ఉన్నాయి. నా నుంచే వచ్చిందా? మాకు పది నెలల పాప కూడా ఉంది, కింద రెండు, పైన రెండు పళ్ళు వచ్చాయి. దానికైనా ఇలా కాకుండా ఉండాలంటే ఏం చేయాలి? అంతా నా వల్లే అయిందని టెన్షన్‌తో నిద్ర పట్టడం లేదు.

సమాధానం: ముందు మీ ఇంట్లో నడుస్తున్న వాదన తేల్చేద్దాం. మిగతావాటికి కాస్త వ్యవధి ఉంది, దానికి లేదు. ఆ దవడ పంటికి చికిత్స చేయించండి. ఆగి చూడొద్దు.

మీ అత్తగారు అన్నదాంట్లో నిజం లేకపోలేదు. పాలపళ్ళు ఊడిపోయేవే. అయితే ఏ పన్ను ఎప్పుడు ఊడుతుందో చూడాలి. ముందు పళ్ళు ఆరేడేళ్ళకి కదలడం మొదలవుతుంది. దవడ పాలపళ్ళు మాత్రం తొమ్మిది నుంచి పన్నెండేళ్ళ మధ్య గానీ ఊడవు. మీ బాబు ఆ పంటితో ఇంకా ఐదారేళ్ళు నమలాలి. గుంట పడ్డ పన్ను అన్నేళ్ళు అలాగే ఆగి ఉండదు. పాలపంటి మీద ఎనామిల్ పొర పలచగా ఉంటుంది, లోపల నరం ఉండే గది పంటి సైజుకి పెద్దది. పెద్దవాళ్ళలో ఏళ్ళ తరబడి నడిచే పుచ్చు, పిల్లల్లో నెలల్లోనే నరాన్ని అందుకోవడానికి కారణం ఇదే. అక్కడికి చేరాక అర్ధరాత్రి నొప్పితో లేవడం, చిగురు మీద చీము పొక్కు, బుగ్గ వాపు. పసివాణ్ణి బాధపెట్టకూడదని ఆగినవాళ్ళు చివరికి వాణ్ణి అంతకు రెట్టింపు బాధలో ఉన్నప్పుడు తీసుకొస్తారు. అప్పుడు చికిత్స కూడా పెద్దదవుతుంది.

పైకి కనపడని సంగతి ఇంకొకటి ఉంది. ఆ పాలపంటి వేళ్ళ మధ్యే, ఎముకలో, తర్వాత రావలసిన పన్ను తయారవుతుంటుంది. పైన చీము పట్టి చాలాకాలం ఉండిపోతే, కింద రూపుదిద్దుకుంటున్న పంటి ఎనామిల్ దెబ్బతినవచ్చు. అది మచ్చతోనో గరుకుగానో బయటికొస్తుంది. పోనీ పీకించేద్దామా అంటే, ఆరేళ్ళకి వెనక మొలిచే పెద్ద దవడ పన్ను ఖాళీ చూసి ముందుకి జరుగుతుంది. అసలు రావలసినదానికి చోటు చాలక వంకరగా వస్తుంది, లేదా లోపలే ఇరుక్కుపోతుంది. తప్పనిసరై పీకవలసి వస్తే, ఆ చోటు పోకుండా స్పేస్ మెయింటైనర్ అనే చిన్న తీగ అమరుస్తారు. అది ఉన్నంతలో మేలే కానీ, సొంత పన్ను నిలబడితే అంతకన్నా మంచి కాపలా ఉండదు.

నరం చికిత్స అనగానే చాలామంది పెద్దవాళ్ళకి చేసే రూట్ కెనాల్ ఊహించుకుంటారు. పిల్లలకి చాలాసార్లు అంత దూరం వెళ్ళనక్కర్లేదు. పంటికి తిమ్మిరి ఇచ్చి, పుచ్చు తీసి, పంటి పైభాగంలో పాడైన నరం వరకే తొలగిస్తారు. వేళ్ళలో ఆరోగ్యంగా ఉన్నదాన్ని అలాగే ఉంచి, పైన మందు పెట్టి మూసేస్తారు. దీన్ని పల్పాటమీ అంటారు. వేళ్ళ దాకా పాడైతేనే మొత్తం శుభ్రం చేయాల్సి వస్తుంది. ఆపైన బిగించే స్టీలు క్యాప్ ఆ పన్ను ఊడే రోజు దానితో పాటే ఊడిపోతుంది. రంగు బాగోదని కొందరు వెనకాడతారు. నమిలే పంటికి అందం కన్నా గట్టిదనం ముఖ్యం, నా ఓటు స్టీలుకే.

డాక్టర్‌ని ఒక ప్రశ్న అడగండి: ఎక్స్‌రేలో పుచ్చు నరాన్ని తాకిందా, ఇంకా దూరం ఉందా? నొప్పి దానంతటది రాకుండా, నరానికి ఇంకా ఎడం ఉన్న పళ్ళకి హాల్ టెక్నిక్ అని ఒక పద్ధతి ఉంది. డ్రిల్లింగ్ చేయకుండా, ఇంజెక్షన్ లేకుండా, పుచ్చు మీదే క్యాప్ బిగించి మూసేస్తారు. లోపలికి తిండి అందక పుచ్చు ఆగిపోతుంది. మీ బాబు పంటికి అది సరిపోతుందో లేదో ఎక్స్‌రే చూసినవాళ్ళే చెప్పాలి. కానీ అడగడం మీ హక్కు.

ముందు పళ్ళకి అంత హడావుడి లేదు, నొప్పీ వాపూ లేకపోతే. సిల్వర్ డయమైన్ ఫ్లోరైడ్ అనే మందు చుక్క పూస్తే పుచ్చు చాలావరకు అక్కడికక్కడే ఆగుతుంది. నొప్పి ఉండదు, నిమిషాల్లో పని. ఒక్క చిక్కు, పుచ్చిన చోటు నల్లబడి అలాగే ఉండిపోతుంది. కొందరు తల్లిదండ్రులకి అది పర్వాలేదు, కొందరు తర్వాత పైన పంటి రంగు ఫిల్లింగ్ వేయిస్తారు. నవ్వితే కనిపించే పళ్ళు కాబట్టి ముందే తెలిసి నిర్ణయించుకోండి.

ఇక అసలు ఎందుకిలా అయిందన్న దగ్గరికి వద్దాం. చాక్లెట్లు కొనమని రాశారు. దాదాపు ప్రతి ఇంటివాళ్ళూ నాతో మొదట చెప్పే మాట అదే, నిజమే చెబుతారు కూడా. పాలు, బిస్కెట్లు, పళ్ళరసం ఎవరి లెక్కలోనూ స్వీట్లు కావు. నోట్లో ఉండే బాక్టీరియా లెక్క వేరు. పంటి మీద పేరుకునే పాచిలో అవి కాపురం ఉంటాయి. వాటిలో స్ట్రెప్టోకాకస్ మ్యూటాన్స్ అనేది ముఖ్యమైనది. మనం తిన్న చక్కెర అందిన కొద్ది నిమిషాల్లో అవి దాన్ని ఆమ్లంగా మార్చేస్తాయి. పాచి కింద పీహెచ్ (ఆమ్లం ఎంతుందో చెప్పే కొలత, అది దిగేకొద్దీ ఆమ్లం ఎక్కువన్నమాట) సుమారు 5.5 కన్నా దిగితే ఎనామిల్‌లోంచి కాల్షియం, ఫాస్ఫేట్ కరిగి బయటికి రావడం మొదలవుతుంది. తినడం ఆపితే లాలాజలం మెల్లగా ఆ ఆమ్లాన్ని విరిచి, పోయిన ఖనిజాల్ని తిరిగి పంటికి అందిస్తుంది. దానికి ఇరవై నుంచి నలభై నిమిషాలు, ఒక్కోసారి ఇంకా ఎక్కువ పడుతుంది. ఈ కరగడం, తిరిగి పూడడం రోజూ అందరి నోట్లోనూ జరుగుతూనే ఉంటుంది. కరిగే సమయం పూడే సమయాన్ని మించిపోతే గుంట పడుతుంది.

ఇప్పుడు మీరు రాసిన రోజుని ఈ కోణంలో చూడండి. సాయంత్రం ఆడుకుంటూ ఒక బిస్కెట్ కొరుకుతాడు, పరిగెడతాడు, పావుగంటకి వచ్చి ఇంకో ముక్క, మధ్యలో సిప్పర్‌లోంచి ఒక గుక్క పళ్ళరసం. మొత్తం కలిపితే రెండు మూడు బిస్కెట్లూ ఒక కప్పు రసమూ మించవు. అయినా ఆడుకున్నంతసేపూ లాలాజలానికి తన పని పూర్తి చేసుకునే విరామమే దొరకలేదు. అవే బిస్కెట్లు ఒకేసారి కూర్చుని ఐదు నిమిషాల్లో తినేసి నీళ్ళు తాగి ఉంటే పళ్ళకి ఆ నష్టంలో చిన్న వంతే జరిగేది. ఎంత తిన్నాడన్నది రెండో ప్రశ్న. ఎన్నిసార్లు తిన్నాడు, ఎంతసేపు నోట్లో నానింది అన్నది మొదటి ప్రశ్న.

ఈ సంగతి తెలియడానికి ఒక బాధాకరమైన నేపథ్యం ఉంది. స్వీడన్‌లో వీపెహోల్మ్ అనే సంస్థలో 1940ల్లో, మానసిక వైకల్యం ఉన్నవాళ్ళకి కావాలని రకరకాలుగా చక్కెర పెట్టి ఎవరి పళ్ళు ఎంత పుచ్చుతాయో గమనించారు. తమ మీద ఏం జరుగుతోందో ఒప్పుకునే అవకాశం కూడా వాళ్ళకి లేదు. అలాంటి ప్రయోగం ఎవరూ మళ్ళీ చేయకూడదు. భోజనంతో పాటు తిన్న చక్కెర కన్నా, భోజనాల మధ్య తిన్న జిగురు టాఫీలు పళ్ళని ఎన్నో రెట్లు పాడుచేశాయని అందులో తేలింది. అంత ఖరీదు పెట్టి తెలుసుకున్న విషయాన్ని మన ఇళ్ళలో వాడుకోకపోవడం నాకు బాధగా ఉంటుంది.

కాబట్టి మీ ఇంట్లో మార్చాల్సింది వేళలు. మూడు పూటలా భోజనం, మధ్యలో రెండుసార్లు చిరుతిండి, అదీ కూర్చుని తినాలి. ఈ ఐదు వేళల మధ్య మంచినీళ్ళు తప్ప ఏదీ వద్దు. సిప్పర్ మానిపించాల్సిన పని లేదు, అందులో నీళ్ళు పోసివ్వండి. పళ్ళరసం బదులు పండే ఇవ్వండి, నమలడం వల్ల లాలాజలం ఊరుతుంది, చక్కెర ఒక్కసారిగా పళ్ళని ముంచెత్తదు. ఇంట్లో తీసిన రసమైనా, తేనె అయినా, సహజమైనదని పేరున్న ఏ తీపి అయినా బాక్టీరియాకి ఒకటే. పుట్టినరోజుకో పండక్కో తీపి తింటే కంగారు పడకండి, భోజనం వెంటే పెట్టేయండి. పిల్లల దగ్గు మందులు, సిరప్‌లు చాలావాటిలో చక్కెర ఉంటుంది. రోజూ వాడాల్సిన మందైతే చక్కెర లేనిది ఉందా అని పిల్లల డాక్టర్‌ని అడగండి. నిద్రలో లేపి మందు పోస్తే తర్వాత నాలుగు గుక్కల నీళ్ళు తాగించండి.

రాత్రి సంగతి విడిగా చెప్పాలి, ఎందుకంటే మీ బాబు ముందు పళ్ళ కథ అక్కడే మొదలైంది. నిద్రలో లాలాజలం ఊరడం బాగా తగ్గిపోతుంది. సీసా నోట్లో ఉంచుకుని నిద్రపోయిన పిల్లాడి పై పళ్ళ చుట్టూ పాలు అలా నిలిచి ఉంటాయి. కింద ముందు పళ్ళని నాలుక కప్పి ఉంచుతుంది, లాలాజలం ఊరే గ్రంథులు కూడా అక్కడే ఉన్నాయి. ఓసారి బాబు నోరు తెరిచి చూడండి. పై నాలుగూ పాడై, కింద నాలుగూ తెల్లగా బాగుంటే, అది సీసా వదిలిన గుర్తే. సీసా మానేసినా గ్లాసు పాలు తాగి అలాగే పడుకోవడం ఇప్పటికీ నడుస్తోంది. పాలు మంచివే, ఆపొద్దు. వాటి వేళ ముందుకి జరపండి. పాలు, తర్వాత బ్రష్, తర్వాత పక్క. బ్రష్ అయ్యాక పొద్దున దాకా నోట్లోకి నీళ్ళు తప్ప ఇంకేదీ పోకూడదు. నేను చెప్పే అన్నిటిలో ఒక్కటే పాటించగలమని ఎవరైనా అంటే, ఇదొక్కటి పాటించమంటాను. పొద్దున బ్రష్ ఒకరోజు తప్పితే తప్పింది, రాత్రిది తప్పకూడదు.

పొద్దున్నే వాడే బ్రష్ చేసుకుంటాడని రాశారు. నాలుగున్నరేళ్ళ చేతికి ఆ పని రాదు. ఏడెనిమిదేళ్ళ దాకా పిల్లల చేతి వేళ్ళకి దవడ పళ్ళ వెనక్కి బ్రష్ తిప్పేంత నేర్పు ఉండదు. వాడి సరదా కోసం ముందు వాణ్ణి చేసుకోనివ్వండి, తర్వాత మీరు చేయండి. రెండు పూటలా, రెండేసి నిమిషాలు.

గోల పెట్టకుండా ఎలా? ఎదురుగా నిలబెట్టి చేస్తే తల వెనక్కి లాగేస్తాడు, మీకూ లోపల ఏమీ కనపడదు. బాత్‌రూమే కానక్కర్లేదు. మీరు నేల మీదో మంచం మీదో కూర్చుని, వాణ్ణి వెల్లకిలా పడుకోబెట్టి తల మీ ఒళ్ళో పెట్టుకోండి. వెలుతురు వాడి నోట్లో పడేలా చూసుకోండి. ఎడమ చేతి చూపుడువేలితో పై పెదవి ఎత్తండి. పెదవి లోపలి నుంచి చిగురుకి, సరిగ్గా మధ్యలో, పలచని తీగలాంటి చర్మం ఒకటి కనిపిస్తుంది. బ్రష్ దానికి రాసుకుంటే చురుక్కుమంటుంది. ముందు పళ్ళు తోమేటప్పుడు పిల్లలు తల తిప్పేసుకోవడానికి చాలాసార్లు ఇదే కారణం, వాళ్ళకి చెప్పడం రాదు. మీ వేలు దాని మీద అడ్డుగా ఉంచి, వేలి కింద నుంచి బ్రష్ నడపండి. ఏడుపు సగం తగ్గుతుంది.

బ్రష్ చిన్న తలది, మెత్తటిది చాలు. కుచ్చు సగం పంటి మీద, సగం చిగురు అంచు మీద ఆనేలా పెట్టి, చిన్నచిన్నగా కదపండి. పాచి పేరుకునేది ఆ అంచునే. పంటి మధ్యలో ఎంత రుద్దినా అక్కడ ఉండేది తక్కువ. తర్వాత బుగ్గని వేలితో పక్కకి లాగి దవడ పళ్ళ బయటివైపు, నమిలే గాళ్ళలో, ఆఖరున నాలుక వైపు. ఎప్పుడూ ఒకే వరసలో చేస్తే ఏదీ తప్పిపోదు. దవడ పళ్ళు రెండూ ఒకదానికొకటి ఆనుకుని ఉన్నచోట బ్రష్ కుచ్చు దూరదు. అక్కడ ఫ్లాస్ కావాలి, పిల్లల కోసం చిన్న పిడి ఉన్నవి దొరుకుతాయి. రాత్రి ఒక్కసారి తిప్పితే చాలు. ఏ బ్రష్, కరెంటుదా మామూలుదా అన్నదాని మీద ఎక్కువ ఆలోచించకండి. పట్టుకునే చెయ్యి ఎవరిదన్నదే తేడా.

మొదటి వారం ఏడుస్తాడు. ఏడ్చే నోరు తెరిచే ఉంటుంది, ఆ రెండు నిమిషాల్లో పని కానిచ్చేయండి. కోప్పడొద్దు, బతిమాలొద్దు, ఒక పాట అయ్యేంతసేపు అని చెప్పి అది అవగానే నిజంగా ఆపేయండి. ఈ రోజు ఏడ్చాడని వదిలేస్తే రేపు ఇంకా గట్టిగా ఏడుస్తాడు. అత్తగారూ మీవారూ కూడా ఇదే పద్ధతిలో ఉండాలి, లేకపోతే వాడు ఎవరి దగ్గర తప్పించుకోవచ్చో పసిగట్టేస్తాడు.

ఫ్లోరైడ్ గురించి మీరు చదివినదాని వెనక నిజమైన భయం ఉంది. భూగర్భ జలాల్లో ఫ్లోరైడ్ ఎక్కువున్న చోట్ల పళ్ళ మీద గోధుమ మచ్చలు, ఎముకలు బిగుసుకుపోవడం జరుగుతాయి. తాగే నీళ్ళకి ప్రపంచ ఆరోగ్య సంస్థ పెట్టిన హద్దు లీటరుకి 1.5 మిల్లీగ్రాములు. మీ నీళ్ళలో అంతకన్నా ఎక్కువుందని తెలిస్తే ముందు నీళ్ళు మార్చాలి, పేస్ట్ సంగతి డాక్టర్‌తో మాట్లాడాలి. కానీ పంటి మీద కొద్దిగా రాసి ఉమ్మేసే పేస్ట్, రోజంతా తాగే నీళ్ళు ఒకటి కావు. ఆమ్లంలో కరిగిన ఎనామిల్ తిరిగి పూడేటప్పుడు ఫ్లోరైడ్ అక్కడ ఉంటే, ముందటికన్నా ఆమ్లానికి తట్టుకునేలా పూడుతుంది. పేస్ట్‌లో పుచ్చుని అడ్డుకునే ముఖ్యమైన పదార్థం ఇదే. మీ బాబులా ఇప్పటికే పళ్ళు పుచ్చిన పిల్లాడికి అది లేని పేస్ట్ వాడటమంటే, నోరు వాసన రాకుండా తోమడమే, అంతకుమించి రక్షణ లేదు.

ట్యూబ్ మీద ఫ్లోరైడ్ అంకె చూడండి, 1000 పీపీఎం (అంటే పది లక్షల వంతుల్లో వెయ్యి వంతులు) లేదా అంతకు పైన ఉండాలి. పిల్లల బొమ్మలున్న పేస్టుల్లో కొన్నిటిలో ఇది చాలా తక్కువ, కొన్నిటిలో అసలు ఉండదు. మూడేళ్ళ లోపు పిల్లలకి బియ్యపు గింజంత, మూడు నుంచి ఆరేళ్ళ వాళ్ళకి బఠాణీ గింజంత. ప్రకటనల్లో చూపించే పొడవాటి వరస పిల్లలకి కాదు. బఠాణీ గింజంత పేస్ట్ పావు గ్రాము అనుకుంటే, 1000 పీపీఎం దానిలో ఉండే ఫ్లోరైడ్ మొత్తం పావు మిల్లీగ్రామే. కొంత మింగినా ప్రమాదం లేదు. అయితే రోజూ ఎక్కువెక్కువ మింగితే లోపల తయారవుతున్న పళ్ళ మీద తెల్ల మచ్చలు రావచ్చు, అందుకే కొలత మీ చేతిలో, ట్యూబ్ వాడికి అందని ఎత్తులో ఉండాలి. తోమాక ఉమ్మించండి, నీళ్ళతో పుక్కిలించొద్దు. పుక్కిలిస్తే అంత శ్రమపడి పెట్టిన మందంతా కడిగేసినట్టే.

డాక్టర్ దగ్గర ఫ్లోరైడ్ వార్నిష్ కూడా పూయించండి. బ్రష్‌తో పంటి మీద పూస్తారు, గట్టిపడుతుంది, పుచ్చే గుణం ఎక్కువున్న పిల్లలకి మూడు నుంచి ఆరు నెలలకోసారి. ఇంకో ఏడాదిన్నరలో, ఆరేళ్ళు వచ్చేసరికి, పాలపళ్ళ వెనక కొత్తగా పెద్ద దవడ పన్ను మొలుస్తుంది. ఏ పన్నూ ఊడకుండానే వస్తుంది కాబట్టి చాలామంది దాన్నీ పాలపన్నే అనుకుని పట్టించుకోరు. అది జీవితాంతం ఉండాల్సినది. పైకి పూర్తిగా వచ్చాక దాని లోతైన గాళ్ళని సీలెంట్ అనే పూతతో మూయించండి.

మీ నుంచే వచ్చిందా అని అడిగారు. పుచ్చు రక్తంలో వచ్చేది కాదు. ఎనామిల్ స్వభావం, లాలాజలం తీరు లాంటివి కొంత పుట్టుకతో వస్తాయి, కానీ అవి ఒక్కటే పన్నుని పుచ్చించవు. పిల్లల నోట్లోకి ఈ బాక్టీరియా ఎక్కువగా వచ్చేది ఇంట్లో దగ్గరగా ఉండే పెద్దవాళ్ళ నుంచే, చాలాసార్లు తల్లి నుంచే. వాడిన చెంచాతో, రుచి చూసి తినిపించడంతో వస్తుంది. అందుకని పాపని ముద్దాడటం మానేయనక్కర్లేదు. మీ రెండు పుచ్చు పళ్ళకీ చికిత్స చేయించుకోండి, ఈ నెలలోనే. పిల్లల పళ్ళ కోసం పరిగెత్తే తల్లులు తమ పళ్ళు చివర్న పెట్టుకుంటారు. మీ నోట్లో ఆ బాక్టీరియా తగ్గితే పాప నోట్లోకి చేరేదీ తగ్గుతుంది. తప్పంతా మీదేనన్న బరువు దింపేయండి అమ్మా. ఏడ్చే బిడ్డకి రాత్రి పాలసీసా ఇచ్చి నిద్రపుచ్చని తల్లి తక్కువ, దాని వల్ల పళ్ళు పోతాయని ముందుగా చెప్పేవాళ్ళు ఇంకా తక్కువ.

పాపకి ఇప్పుడే మంచి సమయం. పళ్ళు నాలుగే ఉన్నాయి, నాలుగింటికీ బ్రష్ మొదలుపెట్టండి, బియ్యపు గింజంత ఫ్లోరైడ్ పేస్ట్‌తో, రెండు పూటలా. ఈ వయసులో అలవాటైతే రేపు గోలే ఉండదు. నిద్రపుచ్చడానికి సీసా వద్దు. ఇప్పటికే అలవాటుంటే పాలలో రోజురోజుకీ నీళ్ళ వంతు పెంచుతూ వారం పది రోజుల్లో ఆ పడకవేళ సీసాని వట్టి నీళ్ళకి తీసుకురండి, ఆకలికి సరిపడా పాలు మిగతా వేళల్లో పట్టండి. ఏడాది దాటాక కప్పు అలవాటు చేసి సీసాలన్నీ తీసేయండి. తల్లిపాలు ఇస్తుంటే పళ్ళ కోసమని ఆపొద్దు, రెండేళ్ళు, ఆపైన కూడా ఇవ్వచ్చు. ఏడాది దాటాక రాత్రంతా అలా నోట్లో ఉంచుకుని నిద్రపోయే అలవాటు మాత్రం తగ్గించండి, పడుకునే ముందు పళ్ళు తోమి ఉంచండి. పాలపీకకి తేనె రాయడం లాంటివి ఎవరు చెప్పినా వద్దు, ఏడాది లోపు పిల్లలకి తేనె అసలే పెట్టకూడదు.

నెలకోసారి పాప పై పెదవి ఎత్తి, వెలుతురులో చూడండి. చిగురు అంచుకి ఆనుకుని సుద్దముక్కతో గీసినట్టు తెల్లటి చార కనిపిస్తుందేమో. తడి తుడిచి చూస్తే ఇంకా బాగా తెలుస్తుంది. పుచ్చు మొదటి రూపం అది, గుంట ఇంకా పడలేదు. ఆ దశలో పట్టుకుంటే ఫ్లోరైడ్‌తో, వేళల్లో మార్పుతో వెనక్కి మళ్ళించవచ్చు. గోధుమరంగు వచ్చి మెత్తబడ్డాక ఆ అవకాశం ఉండదు. మీ బాబు పళ్ళ మీద కూడా ఒకప్పుడు ఆ చార ఉండే ఉంటుంది, చూడమని ఎవరూ చెప్పలేదు.

బాబుని చికిత్సకి తీసుకెళ్ళేముందు "నొప్పి ఉండదు, సూది ఉండదు" అని మాటివ్వకండి. అది మీ చేతిలో లేదు, మాట తప్పితే మళ్ళీ కుర్చీ ఎక్కడు. పన్ను బాగుచేస్తారు, నేను పక్కనే ఉంటాను అని చెప్పండి చాలు. అల్లరి చేస్తే పళ్ళ డాక్టర్ దగ్గరికి తీసుకెళ్తానని ఇంట్లో ఎవరూ బెదిరించకూడదు. వీలైతే పిల్లల పళ్ళ డాక్టర్‌నే చూడండి, భయపడే పిల్లలతో వ్యవహరించడం వాళ్ళకి రోజూ చేసే పని. పొద్దుటి వేళ, నిద్ర తీరి, కడుపు నిండి ఉన్నప్పుడు తీసుకెళ్ళండి. మత్తు ఇచ్చి చేస్తామని డాక్టర్ ముందే చెప్పి ఉంటే మాత్రం ఎంతసేపు ఏమీ తినకూడదో వాళ్ళనే అడగాలి.

అపాయింట్‌మెంట్ దొరికేలోపు నొప్పి వస్తే ఇరుక్కున్నది గోరువెచ్చని నీళ్ళతో కడిగేయండి, బరువుకి తగిన కొలతలో పారాసిటమాల్ ఇవ్వచ్చు. ఆస్పిరిన్ పిల్లలకి ఇవ్వకూడదు, చిగురు మీద పెట్టనూ కూడదు. యాంటీబయాటిక్ సొంతంగా కొని వేయొద్దు. దానితో పుచ్చు పోదు, నాలుగు రోజులు కప్పిపుచ్చుతుంది అంతే. బుగ్గ గానీ కన్ను కింద గానీ దవడ కింద గానీ వాచినా, జ్వరం వచ్చినా, మింగడానికో నోరు తెరవడానికో ఇబ్బంది పడుతున్నా అపాయింట్‌మెంట్ తేదీ చూసుకోకండి, రాత్రయినా సరే ఆసుపత్రికి వెళ్ళిపోండి.

అవేమీ లేకపోతే ఈ వారంలోనే తేదీ తీసుకోండి. వెళ్ళేటప్పుడు పాపని కూడా వెంట తీసుకెళ్ళండి. పిల్లలకి మొదటి పరీక్ష ఏడాది నిండేలోపే జరగాలి, దానికి ఆ వయసు వచ్చేసింది.